కిందికి దించిన కారుకి ట్రాక్ టైర్: వెడల్పు కంటే ముందు ఎత్తు లెక్క చూసుకోండి

మీ ప్రశ్న నాకు ఇలా అర్థమైంది. కారు మొదటి తరం టయోటా 86. కాయిలోవర్లు (ఎత్తు మార్చుకోగల స్ప్రింగ్, డ్యాంపర్ జంటలు) వేసి 30 మి.మీ. కిందికి దించారు. రిమ్ములు కంపెనీవే: 17 అంగుళాలు, వెడల్పు 7 జే (అంటే 7 అంగుళాలు), ఆఫ్‌సెట్ (రిమ్ మధ్యగీత నుంచి హబ్‌కి ఆనే ముఖం దాకా దూరం) 48 మి.మీ., వాటి మీద 215/45 ఆర్17. నెలకోసారి ట్రాక్‌కి వెళ్తున్నారు. మలుపులో స్టీరింగ్ తిప్పినా ముక్కు తిరగకుండా బయటికి జారుతోంది. ముందు టైర్ల బయటి భుజం రెండు మూడు ట్రాక్ రోజులకే గుండ్రంగా అరిగిపోతోంది. అందుకని 9.5 అంగుళాల రిమ్ మీద 255/40 ఆర్17 వేద్దామనుకుంటున్నారు. ఫెండర్‌కీ టైర్‌కీ మధ్య రెండు వేళ్లు దూరుతున్నాయి కాబట్టి సరిపోతుందా అని అడిగారు.

ఆ సందు సరిపోదు. మీరు కొలిచింది నిలబడి ఉన్న కారుని. టైర్‌కి చోటు కావాల్సింది కారు పూర్తిగా కుంగి, స్టీరింగ్ తిరిగి ఉన్నప్పుడు. ఇంకో మాట కూడా ఇప్పుడే చెప్పేస్తాను: బయటి భుజం అరగడం ముఖ్యంగా క్యాంబర్ (ముందునుంచి చూస్తే చక్రం ఒరిగి ఉండే కోణం; పైభాగం లోపలికి వాలితే మైనస్) చాలకపోవడం వల్ల, వెడల్పు చాలకపోవడం వల్ల కాదు. క్యాంబర్ సరిచేయకుండా 255 వేస్తే మీరు కొత్త టైర్ భుజాన్నే అరగదీస్తారు, కాకపోతే ఖరీదైన టైర్ భుజాన్ని.

నేనైతే మీ కారుకి 17×9 రిమ్, ఆఫ్‌సెట్ 42 నుంచి 45 మధ్య, 245/40 ఆర్17, నాలుగు చక్రాలకీ ఒకటే సైజు వేస్తాను. ముందు క్యాంబర్ మైనస్ 3 డిగ్రీల దగ్గర పెడతాను. ఎందుకో కొంచెం విడమరిచి చెప్తాను. మీ కారుకే కాదు, కిందికి దించిన ఏ స్పోర్ట్స్ కారుకైనా ఈ లెక్కే పనికొస్తుంది.

మొదట ఎత్తు. టైర్ గోడ మీది మూడు అంకెల్లో అందరి కళ్లూ మొదటి అంకె మీదే పడతాయి. దించిన కారుకి నిజంగా ఇబ్బంది తెచ్చేది మూడూ కలిస్తే వచ్చే మొత్తం వ్యాసం. లెక్క సులువు: వెడల్పుని రెండో అంకె శాతంతో గుణిస్తే గోడ ఎత్తు వస్తుంది, దాన్ని రెట్టింపు చేసి రిమ్ వ్యాసానికి కలపాలి, అంగుళానికి 25.4 మి.మీ. చొప్పున. మీ 215/45 ఆర్17 వ్యాసం 625.3 మి.మీ. మీరు వేద్దామనుకుంటున్న 255/40 ఆర్17 వ్యాసం 635.8. అంటే వ్యాసార్థంలో 5 మి.మీ. పైగా పెరుగుతుంది, చక్రం గూటి పైకప్పుకి అంత దగ్గరవుతుంది. 245/40 ఆర్17 మాత్రం 627.8, మీ పాత టైర్ కంటే వ్యాసార్థంలో మిల్లీమీటరున్నర కూడా తేడా లేదు. ఇక్కడ చాలామంది బోల్తా పడే సంగతి ఒకటుంది. 'ఎందుకొచ్చిన గొడవ, సన్నగా 225/45 వేసుకుందాం' అంటారు. దాని వ్యాసం 634.3. చూడటానికి సన్నం, కానీ 245/40 కంటే ఎత్తు. గూటి పైభాగానికి ముందు తగిలేది అదే.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు. ట్రాక్‌కి వెళ్లడం మొదలుపెట్టిన రెండో ఏడు, 35 మి.మీ. దించిన కారుకి 255/40 వేసుకుని వెళ్లాను. ప్యాడాక్‌లో (ట్రాక్ పక్కన కార్లు నిలిపే చోట) చక్రం చుట్టూ చెయ్యి పెట్టి చూశాను, ఎక్కడా తగల్లేదు. మూడో ల్యాప్‌లో, పల్లంలోకి దిగుతూ తిరిగే పొడుగాటి మలుపులో కారు ఒక్కసారి కుంగింది. చీరేస్తున్నట్టు ఒక చప్పుడు, ఆ వెంటనే రబ్బరు కాలిన వాసన. నెమ్మదిగా లోపలికి తెచ్చుకుని చక్రం విప్పాను. ఎడమ ముందు టైర్ భుజం చుట్టూ ఒకే గీత, వేలిగోరు దిగేంత లోతు, అంచులు పదునుగా, లోపల కొత్త రబ్బరు నల్లగా మెరుస్తూ ఉంది. తెగ్గోసింది లైనర్‌ని (చక్రం గూటి లోపలి ప్లాస్టిక్ తొడుగుని) బిగించే బోల్టు తల. ఇంకో నాలుగు ల్యాప్‌లు అలాగే తిప్పి ఉంటే గీత నేరుగా టైర్ లోపలి దారాల దాకా వెళ్లేది. ప్లాస్టిక్ లైనర్‌కి టైర్ మెత్తగా రాసుకుంటే లైనర్ మీద నున్నటి మెరుపు పడుతుంది, అంతే. ఫుల్ లాక్‌లో (స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడు) అంతమాత్రం నేనూ పట్టించుకోను. లోహం అంచు తగలడం మాత్రం ఎంత చిన్నదైనా ఒప్పుకోకూడదు.

ఎత్తు తేలాక రిమ్ వెడల్పు. టైర్ వెడల్పు దాని తర్వాతే. ప్రతి టైర్ సైజుకీ ఏ రిమ్ వెడల్పు నుంచి ఏ వెడల్పు దాకా ఎక్కించవచ్చో కంపెనీ తన పట్టికలో ఇస్తుంది. 245/40 ఆర్17కి అది సాధారణంగా 8 నుంచి 9.5 అంగుళాలు, కొలత తీసేది 8.5 రిమ్ మీద. 225/45 ఆర్17కి 7 నుంచి 8.5. రోడ్డు మీద తిరిగే కారుకి ఆ హద్దుల మధ్య ఎక్కడున్నా నడుస్తుంది. ట్రాక్ కారుకి పైహద్దు వైపు ఉండటం మేలు. రిమ్ ఇరుకైతే గోడలు బయటికి ఉబ్బి ఉంటాయి. మలుపులో బరువు పడగానే నడక భాగం (నేలని తాకే ట్రెడ్) పక్కకి ఒరిగిపోయి కారు భుజం మీద నడుస్తుంది, స్టీరింగ్ తిప్పిన అర క్షణం తర్వాత గానీ ముక్కు కదలదు. 7 అంగుళాల రిమ్ మీద ఎంత మంచి టైర్ వేసినా ఆ వదులుతనం పోదు. ఒకే 225 టైర్‌ని 7 మీదా 8 మీదా నడిపి చూసినవాళ్లకి ఇది చేతులకే తెలుస్తుంది. రిమ్ అరంగుళం వెడల్పైతే టైర్ గోడల మధ్య వెడల్పు సుమారు 5 మి.మీ. పెరుగుతుందన్నది కూడా లెక్కలో పెట్టుకోండి.

ఒక హెచ్చరిక. 245 అని రాసి ఉన్న టైర్లన్నీ ఒకే వెడల్పు ఉండవు. ట్రాక్ కోసం చేసిన టైర్ల భుజాలు చతురస్రంగా ఉంటాయి, నేలని తాకే భాగం నిజంగానే వెడల్పు. అదే సైజు రోడ్డు టైర్‌కి భుజం గుండ్రంగా దిగిపోతుంది. యోకోహామా ఏ052 లాంటి ట్రాక్ టైర్లు వేసుకున్నవాళ్లు 'ఇది ఒక సైజు పెద్దదిలా ఉందేంటి' అనడం మామూలే. అందుకని మిత్రుడి కారుకి 245 పట్టింది కదా అని మీకూ పట్టేస్తుందనుకోవద్దు. ఏ కంపెనీ, ఏ మోడల్ అని అడగండి. కొనబోయే మోడల్ పట్టికలో నడక వెడల్పు, మొత్తం వ్యాసం చూడండి. నేను పైన చేసిన లెక్క కాగితం లెక్క, అసలు టైర్‌లో కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉంటుంది.

ఇక ఆఫ్‌సెట్. రిమ్ సగం వెడల్పుకి ఆఫ్‌సెట్ కలిపితే హబ్ నుంచి లోపలి వైపు ఎంత వెళ్తుందో వస్తుంది, తీసేస్తే బయటి వైపు ఎంతో వస్తుంది. మీ 7 జే, 48 రిమ్ లోపలికి 136.9, బయటికి 40.9 మి.మీ. 9 జే, 42 అయితే లోపలికి 156.3, బయటికి 72.3. అంటే రిమ్ అంచు లోపలికి 19, బయటికి 31 మి.మీ. జరిగింది. అయితే అంత కంగారు పడక్కర్లేదు. ఇరుకు రిమ్ మీది పాత టైర్ ఇప్పటికే అంచు దాటి ఉబ్బి ఉంది. 9 మీది 245 దాదాపు నిటారుగా నిలబడుతుంది. టైర్ గోడని కొలిస్తే పెరిగేది లోపలికి సుమారు 14, బయటికి సుమారు 26 మి.మీ. మాత్రమే. ఆ 26ని చూసే ఫెండర్ అంచు లోపలికి మడిపించాలా అన్నది తేల్చుకోవాలి. మైనస్ 3 క్యాంబర్‌తో నడిపేవాళ్లలో కొందరికి మడిపించే పనే రాదు, ఎందుకో ఇప్పుడు చెప్తాను.

మీ కారు ముందువైపు మాక్‌ఫర్సన్ స్ట్రట్, అంటే స్ప్రింగ్, డ్యాంపర్ కలిసిన ఒకే నిలువు గొట్టం, కింద ఒక ఆర్మ్. ఇలాంటి కారుని దించినప్పుడు కింది ఆర్మ్ బయటి కొన పైకి లేస్తుంది. అప్పటినుంచి చక్రం పైకి కుంగినా కొత్తగా నెగెటివ్ క్యాంబర్ పెద్దగా రాదు, ఇంకా దించితే ఉన్నదీ పోతుంది. పైగా రోల్ సెంటర్ (మలుపులో కారు ఏ ఊహాబిందువు చుట్టూ ఒరుగుతుందో అది) కారు గురుత్వ కేంద్రం కంటే వేగంగా కిందికి పడిపోతుంది, కాబట్టి స్ప్రింగ్ గట్టిపడకపోతే దించిన కారు ఇదివరకటి కంటే ఎక్కువ ఒరుగుతుంది. మీ టైర్ బయటి భుజం అరగడం వెనక కథ ఇదే. కుంగేటప్పుడు సస్పెన్షన్ ఇవ్వని క్యాంబర్‌ని మనమే నిలబడి ఉన్నప్పుడు ఇవ్వాలి. మైనస్ 1 నుంచి మైనస్ 3కి తెస్తే టైర్ పై అంచు హబ్‌తో పోలిస్తే 11 మి.మీ. దాకా లోపలికి వాలుతుంది. ఆ మేరకు ఫెండర్ అంచు దగ్గర చోటు దొరికినట్టే.

కానీ ఆ క్యాంబర్ ఎక్కడినుంచి తెస్తారన్నది చాలా ముఖ్యం. పైన స్ట్రట్ టవర్ దగ్గర క్యాంబర్ ప్లేట్‌తో తెస్తే స్ట్రట్, చక్రం కలిసి ఒరుగుతాయి, రెండింటి మధ్య సందు మారదు. కింద స్ట్రట్‌ని నకిల్‌కి (హబ్‌ని మోసే లోహపు ముక్కకి) బిగించే చోట క్యాంబర్ బోల్టుతో తెస్తే చక్రం ఒక్కటే ఒరిగి స్ట్రట్ మీదికి వస్తుంది. టైర్ పైభాగం దగ్గర డిగ్రీకి ఇంచుమించు 4 మి.మీ. చోటు పోతుంది. రెండు డిగ్రీలు అలా తెచ్చుకుంటే వెడల్పు టైర్‌కని దాచుకున్న చోటంతా అక్కడే ఖర్చు. ఒకే రిమ్, ఒకే టైర్, ఒకే క్యాంబర్ ఉన్న రెండు కార్లలో ఒకటి రాసుకుని, ఒకటి రాసుకోకపోవడానికి కారణం చాలాసార్లు ఈ బోల్టే. కాబట్టి ముందు ప్లేట్‌తో వీలైనంత తీసుకుని, మిగిలింది మాత్రమే బోల్టుతో సర్దండి.

స్ట్రట్ దగ్గరే ఇంకొకటి చూడాలి: స్ప్రింగ్ కింది సీటు. మీ కాయిలోవర్‌లో ఎత్తుని సీటు తిప్పి దించారా, లేక కాయిలోవర్ గొట్టం కింది బ్రాకెట్ తిప్పి దించారా? సీటుని కిందికి తిప్పి దించితే ఆ సీటూ దాన్ని పట్టి ఉంచే రింగూ టైర్ ఎత్తుకి దిగివస్తాయి. స్ట్రట్ గొట్టానికి దూరంగా ఉన్న టైర్ కూడా ఆ రింగుకి తగులుతుంది. బ్రాకెట్‌తో దించే రకమైతే సీటు, టైర్ మధ్య దూరం వేరేగా మారుతుంది, అందులోనూ బ్రాకెట్‌లోకి గొట్టం ఎంత లోపలికి వెళ్తే సీటు అంత కిందికి వస్తుంది. ఏ రకమైనా కళ్లతో చూసి కొలవాల్సిందే.

కొలిచే పద్ధతి చెప్తాను, ఒక మధ్యాహ్నం పని. కొత్త రిమ్ములు ఆర్డర్ ఇచ్చే ముందు వీలైతే అదే సైజు ఉన్నవాళ్ల దగ్గర ఒక చక్రం అడిగి తెచ్చుకోండి. కారుని స్టాండ్ల మీద గట్టిగా నిలబెట్టాలి, ఒట్టి జాకీ మీద ఈ పని చేయొద్దు. స్ట్రట్ దించి స్ప్రింగ్ తీసేసి, బంప్ స్టాప్ (సస్పెన్షన్ పూర్తిగా కుంగినప్పుడు ఆపే రబ్బరు ముక్క) మాత్రం ఉంచి మళ్లీ బిగించండి. స్టెబిలైజర్ బార్ (కారు ఒరగకుండా రెండు చక్రాలనీ కలిపే కడ్డీ) లింకు ఊడదీయండి. చక్రం ఎక్కించి, నట్లు టార్క్‌కి (కంపెనీ చెప్పిన బిగువుకి) బిగించి, కింద జాకీ పెట్టి హబ్‌ని మెల్లగా పైకి ఎత్తండి. బంప్ స్టాప్ తాకి, ఇంకా కొంచెం నలిగేదాకా ఎత్తాలి, ఎందుకంటే ట్రాక్ మీద అది నలుగుతుంది. అక్కడ ఆపి స్టీరింగ్ ఒక చివర నుంచి ఇంకో చివరకి తిప్పండి. పిల్లలు ఆడుకునే మైనపు మట్టిని చిన్న ఉండలు చేసి ఫెండర్ అంచు లోపల, లైనర్ బోల్టుల మీద, స్ట్రట్ మీద, స్ప్రింగ్ సీటు మీద అంటించి ఉంచండి. తిప్పాక ఉండ ఎంత నలిగిందో కొలిస్తే ఎక్కడ ఎంత చోటుందో మిల్లీమీటర్లలో తెలిసిపోతుంది. ఊహకి తావే ఉండదు.

స్ట్రట్ వైపు 5 మి.మీ. ఉంటే నాకు చాలు, చక్రం, స్ట్రట్ కలిసే కదులుతాయి కాబట్టి. ఫెండర్ వైపు 10 మి.మీ. కావాలి. బుష్‌లు నలుగుతాయి, టైర్ పక్కకి వంగుతుంది, బాడీ కూడా కొంత మెలి తిరుగుతుంది. వెనకవైపూ ఇదే చేయండి. తర్వాత హబ్‌ని పూర్తిగా కిందికి వేలాడదీసి, మళ్లీ స్టీరింగ్ రెండు వైపులా తిప్పి బ్రేక్ గొట్టం, ఏబీఎస్ వైరు టైర్‌కి తగులుతున్నాయేమో చూడండి. అందరూ మర్చిపోయేది ఇదే. వైరు రాసుకుని తెగితే ఏబీఎస్ పోయేది బ్రేక్ గట్టిగా తొక్కే చోటే.

ఇంత చేశాక 245కే ఎందుకు ఆగాలి, 255 పట్టేలా చేసుకోవచ్చు కదా అంటారా? పట్టించవచ్చు, చాలామంది పట్టించారు. మీకు ఇప్పుడు అక్కర్లేదంటాను. కారు బరువూ గాలి ఒత్తిడీ మారకపోతే నేలని తాకే ముక్క విస్తీర్ణం పెద్దగా పెరగదు, పొడవు తగ్గి వెడల్పు పెరుగుతుంది. ఆ ఆకారం వల్ల మలుపులో పట్టు కొంత పెరిగే మాట నిజమే. వెడల్పు టైర్ అసలు గొప్పతనం వేడిని ఎక్కువసేపు తట్టుకోవడంలో ఉంది. మీది 1,250 కిలోల అటూ ఇటూ ఉన్న తేలికైన కారు, మామూలు ఇంజిన్. పదిహేను ఇరవై నిమిషాల సెషన్లకి 245 వేడెక్కి నిలబడుతుంది. అంతకంటే వెడల్పు వేస్తే చల్లటి రోజుల్లో మొదటి రెండు ల్యాప్‌లు టైర్ వేడెక్కకుండా జారుతుంది, చక్రం బరువు పెరుగుతుంది, నేరు దారిలో వేగం తగ్గుతుంది. టర్బో వేసిన కారో, 1,500 కిలోల కారో అయితే నేనే 255, 265 వేయమంటాను.

18 అంగుళాలు వేయాలని ఎవరైనా చెబితే, బ్రేకులకి అవసరమైతే తప్ప వద్దు. పెద్ద కాలిపర్ (బ్రేక్ డిస్క్‌ని నొక్కే భాగం) పట్టే అతి చిన్న రిమ్మే ట్రాక్‌కి మంచిది. తప్పదంటే 245/35 ఆర్18 వ్యాసం 628.7, మీకు సరిపోతుంది. 225/40 ఆర్18 మాత్రం 637.2, అది వద్దు. ఇంకో సంగతి, చిన్న వ్యాసం టైర్ వేస్తే సస్పెన్షన్ ఆర్మ్‌ల కోణం మారకుండానే కారు కిందికి వస్తుంది. ఉదాహరణకి 225/45 ఆర్16 వేస్తే 8 మి.మీ. దిగుతుంది, గేర్లు రెండున్నర శాతం పొట్టివవుతాయి. మీ కారుని 30 మి.మీ. దించకముందు నన్నడిగి ఉంటే స్ప్రింగ్‌తో 20 దించి ఆగమనేవాణ్ని. ఇప్పుడైనా ఓ 10 మి.మీ. పైకి లేపడానికి మనసొప్పితే ల్యాప్ టైమ్ తగ్గే అవకాశమే ఎక్కువ. బంప్ స్టాప్ మీద కూర్చున్న కారుకి ఏ టైరూ పట్టు ఇవ్వలేదు.

నాలుగు చక్రాలకీ ఒకే సైజు అన్నాను. వెనక చక్రాలు నడిపే కారు కదా, వెనక వెడల్పు వేయాలని చాలామందికి అనిపిస్తుంది. మీ బాధ ముందు జారడం. వెనక వెడల్పు పెంచితే ముందు ఇంకా జారుతుంది. సైజు ఒకటే అయితే ముందూ వెనకా మార్చుకుంటూ సెట్ ఎక్కువ రోజులు వాడుకోవచ్చు. కంపెనీ నుంచే ముందు సన్నం, వెనక వెడల్పు వచ్చిన, ఇంజిన్ వెనక ఉన్న కార్లకి ఈ సలహా వర్తించదు. నాలుగు చక్రాలూ నడిపే కారు అయితే ముందూ వెనకా వ్యాసం నిష్పత్తి ఏమాత్రం చెడినా మధ్య డిఫరెన్షియల్ వేడెక్కి పాడవుతుంది. వాళ్లు అరిగిన టైరూ కొత్త టైరూ కలపడం కూడా మానుకోవాలి.

ఆఫ్‌సెట్ కుదరక స్పేసర్ (హబ్‌కీ రిమ్‌కీ మధ్య పెట్టే బిళ్ల) వేయాల్సి వస్తే హబ్ మీద సరిగ్గా కూర్చునే రకమే వేయండి. నట్‌లోకి వెళ్లే మర పొడవు కనీసం స్టడ్ మందం అంత ఉండాలి, 12 మి.మీ. స్టడ్‌కి 12 మి.మీ. అది రాకపోతే పొడవాటి స్టడ్లు మార్చాకే ట్రాక్‌కి వెళ్లండి. టైర్ కొనేటప్పుడు లోడ్ అంకె కంపెనీ చెప్పినదానికంటే తగ్గకూడదు. మీ పాత సైజుకి అది 87, అంటే టైర్‌కి 545 కిలోలు. 245/40లో 91 దొరుకుతుంది, 615 కిలోలు. వేగం అక్షరం 'డబ్ల్యూ' ఉంటే గంటకి 270 కి.మీ. దాకా.

రిమ్ములు, టైర్లు వచ్చాక మొదటి ట్రాక్ రోజున ల్యాప్ టైమ్ చూడకండి. టైర్ భుజాల మీద తెల్ల షూ పాలిష్‌తో నాలుగు చోట్ల అడ్డగీతలు గీయండి. టైర్ చల్లగా ఉన్నప్పుడు గాలి ఒత్తిడి 27 పీఎస్‌ఐతో మొదలుపెట్టండి. అయిదు ల్యాప్‌లు తిప్పి నేరుగా లోపలికి వచ్చి, ఆగిన నిమిషంలోపే గాలి కొలవండి. 32 నుంచి 34 మధ్య ఉంటే బాగుంది, ఎక్కువుంటే అక్కడే తగ్గించండి. పాలిష్ గీత నడక అంచు దాకా చెరిగి అక్కడ ఆగితే క్యాంబర్, గాలి రెండూ దారిలో ఉన్నట్టు. గోడ మీదికి కూడా చెరిగితే గాలి రెండు పీఎస్‌ఐ పెంచి చూడండి, అయినా చెరుగుతుంటే క్యాంబర్ ఇంకో అర డిగ్రీ కావాలి. చక్రాలు విప్పి లైనర్‌ని టార్చితో చూడండి. నట్లు మళ్లీ టార్క్‌కి బిగించండి. గీతలు ఎలా చెరిగాయో, వేడి గాలి ఎంత వచ్చిందో, క్యాంబర్ ప్లేట్ ఎంత దాకా జరిగిందో ఇక్కడ రాయండి. ముందు, వెనక అంకెలు విడివిడిగా రాస్తే తర్వాత ఏం మార్చాలో చెప్తాను.